సిరిసిల్లలో నా నాలుగు కిరాయి గదులు

ఈ మధ్య ఒక పని మీద పాత డిపోకు వెళితే, కొత్తగా చేరిన కండక్టర్లు నలుగురు నన్ను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. ముప్ఫై ఏళ్ళు నిండని పిల్లలు. యూనిఫాం రంగు ఇంకా వెలిసిపోలేదు, అప్పుడే రిటైర్మెంటు గురించి అడుగుతున్నారు. కిరాయి గదులు కట్టుకోవడం మేలా, బంగారం కొనుక్కోవడం మేలా అని వాదులాడుకుంటున్నారు. ఒకతను సెల్‌ఫోన్‌లో లెక్క తీసి చూపించాడు. ప్లాటు ఇంత, కట్టుబడి ఇంత, కిరాయి ఏటా ఇంత పెరుగుతుంది, యాభై ఎనిమిదో ఏట కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. లెక్కలో నాకు తప్పేమీ కనిపించలేదు. అదే లెక్కను ఒకప్పుడు కండక్టరుగా, టికెట్ల లెక్క రాసే వే బిల్లు వెనక పెన్సిలుతో వేసుకున్నవాణ్ణే నేను. నా గదుల సంగతి చెప్పమన్నారు. మొదలుపెట్టి ఆగిపోయాను. ఇంతలో కోరుట్ల బస్సు వచ్చింది, వాళ్ళు లేచిపోయారు. ఆ రోజు నోట్లో ఉండిపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మా కొలువులో పింఛను పేరుకే. చేతికొచ్చేది ఇద్దరు మనుషుల మందుబిళ్ళలకు కూడా చాలదు. మా డిపోలో ఒక పెద్దాయన ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టాడు. పూలదండ వేసి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపించాం. రెండేళ్ళకు రోడ్డు పక్కన పంక్చర్ దుకాణంలో లారీ టైర్లకు గాలి కొడుతూ కనిపించాడు. నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పలకరించి ఉంటే నేను మరిచిపోయేవాణ్ణేమో. ఆ ముఖం తిప్పుకోవడమే నన్ను ఏళ్ళ తరబడి తరిమింది. అప్పటికి నాకు నలభై ఐదు దాటాయి. ప్రతి ట్రిప్పులోనూ మనసు అదే లెక్కలో ఉండేది. ఒకసారి కొడిమ్యాల దగ్గర దిగాల్సిన ముసలమ్మను మరిచిపోయి తర్వాతి స్టేజీదాకా తీసుకుపోయి ఆమె చేత తిట్లు తిన్నాను.

అప్పటికి నేను సిరిసిల్ల డిపోలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆ ఊళ్ళో సాంచాలు ఆగవు. సాంచా అంటే మరమగ్గం. ఒక షిఫ్టు దిగితే ఇంకో షిఫ్టు ఎక్కుతుంది. మహారాష్ట్రలోని భీవండి పోయి బతకలేక తిరిగొచ్చిన నేతకుటుంబాలు మూటలతో నా బస్సులోంచి దిగుతూ మొదట అడిగేది గది ఎక్కడ దొరుకుతుందనే. బట్ట అమ్ముడుపోకపోవచ్చు గానీ, నేసేవాడికి తలదాచుకునే చోటు అవసరం కాకుండా పోదు అనుకున్నాను. ఉద్యోగుల సొసైటీలో అప్పు తీసుకుని ఊరి చివర చిన్న ప్లాటు కొని, వరసగా నాలుగు రేకుల గదులు వేశాను. నాలుగింటికీ కలిపి ఒకటే వరండా, వరండాకు ఒకటే ఇనుప గ్రిల్లు తలుపు. గదులు పూర్తయ్యేసరికి నన్ను జగిత్యాలకు బదిలీ చేశారు.

జగిత్యాలలో నాతో పదకొండేళ్ళు ఒకే బస్సు మీద పనిచేసిన డ్రైవరన్న మాత్రం నా పథకాన్ని చూసి నవ్వాడు. ఆయన ఆంజనేయస్వామి భక్తుడు. కొండగట్టు మలుపు వచ్చిందంటే స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి గుట్ట వైపు మొక్కేవాడు. రెండో చెయ్యి కూడా తీస్తాడేమోనని నేను వెనక నుంచి, "అన్నా, లోపల యాభై మందిమి ఉన్నం, జర మా మొహం చూడు" అనేవాణ్ణి. ఆయనా నన్ను వదిలేవాడు కాదు.

"దేవుణ్ణి నమ్మవు, దయ్యాన్ని నమ్మవు. కిరాయికచ్చేటోణ్ణి ఎట్ల నమ్ముతవ్ తమ్మీ?"

నమ్మకం లేనివాణ్ణన్న మాట నిజమే. కోరుట్లలో పెరిగాను. మా అమ్మ బీడీలు చుట్టేది, నాన్న బండ్ల మీద మూటలు ఎత్తేవాడు. సాయంత్రాలు గ్రంథాలయం అరుగు మీద పెద్దవాళ్ళు దేవుడున్నాడా లేడా అని వాదించుకుంటుంటే కింద కూర్చుని వినేవాణ్ణి. పదేళ్ళు తిరిగేసరికి నేనే అరుగు మీద ఉన్నాను. ఎదుటివాడి మాటను వాడి నోటితోనే వాడికి అడ్డం తిప్పడం అక్కడే నేర్చుకున్నాను. డ్యూటీ లేని రోజుల్లో ఊళ్ళు తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించి, బాణామతి, చేతబడి అబద్ధమని చెప్పేవాణ్ణి.

నా ఉపన్యాసాల్లో ఒక సంగతి తప్పకుండా ఉండేది. నాకు పదకొండేళ్ళప్పుడు మా నాయనమ్మ కోరుట్లలో మేమున్న కిరాయి ఇంట్లో చనిపోయింది. ప్రాణం పోయిన గంటలోపే ఇంటాయన వచ్చి, శవాన్ని బయట పెట్టుకోండని చెప్పాడు. మురుగు మోరీ పక్కన దుప్పటి కట్టి దాని నీడన పడుకోబెట్టాం. పదకొండు దినాలు అయ్యేదాకా మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. బీడీ కార్ఖానా వసారాలో పడుకున్నాం. మీరు ఈ ప్రాంతం వాళ్ళయితే ఈ ఆచారం మీకు కొత్త కాదు. కిరాయిదారు ఇంట్లో చావు జరిగితే ఇంటికి కీడు, ఆ ఇంట్లోకి ఇంకెవరూ రారు. కాబట్టి శవాన్ని గడప దాటనివ్వరు, దవాఖానాలో పోయినా సరే. ముసలివాళ్ళున్న కుటుంబాలకు గది ఇవ్వడానికే జంకుతారు. నేను వేదికల మీద నాయనమ్మ సంగతి చెబితే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకునేవారు. "ఇల్లు కట్టింది మనుషులు బతకడానికా, గోడలు బతకడానికా?" అని అడిగి ఆగేవాణ్ణి. ఆ ఆగడం కూడా సాధన చేసిందే. చప్పట్లు సరిగ్గా అక్కడే పడేవి.

గదులు కట్టిన కొన్నేళ్ళకు, తెలంగాణ కోసం ఉద్యోగులంతా పని మానేసిన రోజులు వచ్చాయి. మా బస్సులు డిపోలో వరసగా నిలిచిపోయాయి. జగిత్యాల బస్టాండు ముందు టెంటు వేసుకుని రోజూ కూర్చునేవాళ్ళం. మైకు పట్టుకోగలిగినవాళ్ళు తక్కువ, కాబట్టి నా చేతికి తరచుగా వచ్చేది. నా మాటల్లో జనానికి బాగా నచ్చింది ఒకటుండేది. సొంత ఇంట్లో మనం కిరాయిదారుల్లా బతుకుతున్నాం, ఇంటాయన పొమ్మంటే పోవాలి, ఆగమంటే ఆగాలి, ఇక ఈ ఇంటి తాళంచెవి మన చేతికి రావాలి. ఈ మాట అన్న ప్రతిసారీ టెంటు ఊగిపోయేది. అది నాలుగు గదుల ఇంటాయన అంటున్న మాట అన్న ఆలోచన వినేవాళ్ళకు రాలేదు. నాకూ రాలేదు.

జీతాలు ఆగిపోయి వారాలు గడిచాయి. మా డ్రైవరన్న బావమరిది దగ్గర బియ్యం తెచ్చుకున్నాడు. మా ఇల్లు మాత్రం సిరిసిల్ల కిరాయిల మీద నడుస్తోంది. పైకి అనలేదు గానీ, లోపల నాకు గర్వంగానే ఉండేది. చూశారా, ముందుచూపు అంటే ఇదీ అని.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు నేను మైకు దింపి వచ్చి కూర్చున్నానో లేదో ఫోను మోగింది. సిరిసిల్ల నుంచి, రెండో గదిలో ఉండే ట్యూషన్ సారు. ప్రైవేటు బడిలో చెప్పి, సాయంత్రం పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటాడు. చదువుకున్నవాడని, గదుల మీద ఒక కన్ను వేసి ఉంచమని నేనే చెప్పాను. మూడో గదిలో ఉండే నేతకార్మికుడు తెల్లవారుజామున కరీంనగర్ దవాఖానాలో పోయాడట. ఛాతీ జబ్బు. నలభై రెండేళ్ళ మనిషి. భార్య, ఇంటర్ చదివే కూతురు శవాన్ని తీసుకుని బయల్దేరారట.

"సార్, ఇగ మీరే చెప్పాలె. మొదటి గదిల ఆమెకు ఏడో నెల. వాళ్ళు ఇప్పుడే బట్టలు సదురుతున్నరు. లోపటికి తెస్తే మేం కూడ ఖాళీ చేసుడే. నాకైతే ఏం పట్టింపు లేదు సార్, గని ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులు ఊకోరు."

ఒక్క మాట చాలు. లోపలికి రానివ్వండి అంటే అయిపోయేది. ఆ మాట నా నోటి దగ్గరే ఉంది, ముప్ఫై ఏళ్ళుగా ఉంది. కానీ ఫోను చెవి దగ్గర పెట్టుకున్న ఆ కాసేపట్లో నాకు నాలుగు గదులూ ఖాళీగా, తలుపులు బార్లా తెరిచి, గాలికి కొట్టుకుంటూ కనిపించాయి. పంక్చర్ దుకాణం దగ్గర పెద్దాయన ముఖం కనిపించింది. ఈసారి ఆ ముఖం నాదే.

"నేను వచ్చేదాకా ఆగండి" అన్నాను.

అది ఔనూ కాదు, కాదూ కాదు. అందుకే అన్నాను.

బస్సులు లేవు. వాటిని ఆపిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. డ్రైవరన్న మోటారు సైకిల్ తీశాడు. కొండగట్టు దగ్గర అలవాటుగా చెయ్యెత్తి మొక్కి, కొంత దూరం పోయాక తల కొంచెం వెనక్కి తిప్పి అడిగాడు.

"ఫోన్లనే లోపటికి తీస్కపొమ్మని ఎందుకు చెప్పలే తమ్మీ?"

"పోయి చూసి చెప్తా."

"చూసుడు ఏమున్నది? సచ్చిపోయిన మనిషి సచ్చిపోయిండు." గేరు మార్చి బండిని మలుపు తిప్పాడు. తర్వాత అన్నాడు: "నేనైతే వద్దంటుంటి. నాకు భయం. ఇంటికి కీడు తగుల్తదని నిజంగనే నమ్ముత. నీకు గా భయం లేదు గద?"

నాకు ఏ భయం ఉందో ఆయనకు చెప్పలేదు. గాలి హోరులో వినబడనట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాను.

వేములవాడ ఇవతల రోడ్డు బందయింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినడం అప్పుడు ఒక నిరసన పద్ధతి, వంటావార్పు అనేవాళ్ళు. పొడుగునా బండ్లు నిలిచిపోయాయి. డ్రైవరన్న దిగి, చావు పని మీద పోతున్నామని చెప్పబోయాడు. అంతలోనే గుంపులో ఒకతను నన్ను గుర్తుపట్టాడు. జగిత్యాల కండక్టర్ సారు, మంచిగ మాట్లాడుతడు అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. రెండు మాటలు మాట్లాడి పొండ్రి, మేమే దారి ఇప్పిస్తం అన్నారు. మైకు చేతికిచ్చారు.

నేను మాట్లాడాను. రెండు మాటలని మొదలుపెట్టి పావుగంట మాట్లాడాను. సొంత ఇంట్లో కిరాయిదారుల మాట కూడా చెప్పాను. అంత జనం, అంత చప్పట్లు. మైకు పట్టుకున్నంతసేపు నాకు సిరిసిల్ల గుర్తు లేదంటే మీరు నమ్మరు. గుర్తుండబట్టే పొడిగించాను. ఆ వేదిక మీద నేనెవరో నాకు బాగా తెలుసు. సిరిసిల్ల చేరాక ఎవరినో తెలియదు. దిగేసరికి ఎవరో విస్తరిలో పప్పన్నం పెట్టి చేతికిచ్చారు. తిన్నాను కూడా. డ్రైవరన్న బండి పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆయన తినలేదు.

సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. సన్నగా ముసురు పడుతోంది. మా సందు మొదట్లో ట్రాలీ ఆటో ఒకటి నిలబడి ఉంది, బట్ట తానులు మోసే ఆటో. అంబులెన్సు అతను దింపేసి వెళ్ళిపోతే, చనిపోయినతను పనిచేసిన కార్ఖానా నడిపే ఆసామి ఆ ఆటో ఇచ్చాడట. అందులో పడుకోబెట్టి పైన టార్పాలిన్ కప్పారు. పాదాలు బయటికి వచ్చి తడుస్తున్నాయి. భార్య ట్రాలీ అంచు పట్టుకుని నిలబడి ఉంది. కూతురు వాన పడకుండా పాదాల మీద తన పుస్తకాల సంచి పెట్టింది. వాళ్ళు అక్కడికి వచ్చి మూడు గంటలయింది.

వరండా గ్రిల్లుకు తాళం వేసి ఉంది. ట్యూషన్ సారు ఎదురొచ్చాడు. మీరు ఆగమన్నరు గద సార్, అందుకనే ఏసిన అన్నాడు. నేను ఫోనులో అన్న మాట ఇనుప తాళమై ఆ గ్రిల్లుకు వేలాడుతోంది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. గ్రిల్లు తాళంచెవులు రెండు. ఒకటి ట్యూషన్ సారు దగ్గర, రెండోది నా భుజాన సంచిలో. నేను ఇరవై అడుగులు నడిచి తాళం తీస్తే చాలు.

ఆ ఇరవై అడుగుల్లో ఎదురింటాయన నిలబడి ఉన్నాడు. ఆయనకూ పక్క వీధిలో ఆరు కిరాయి గదులున్నాయి.

"నాకు వ్యక్తిగతంగ ఏం లేదు సార్. మీరు చదువుకున్నోళ్ళు. గని వాడకట్టు అన్నంక ఒక పద్ధతి ఉంటది. ఇయ్యాల మీరు రానిస్తే రేపు నా ఇంట్ల గూడ అడుగుతరు. చావు మైల అంత అల్కగ పోదు. శాస్త్రం ఊకనే పెట్టలే."

ఆయన అలా అన్నాడో లేదో నాలో కోరుట్ల అరుగు లేచింది. కాళ్ళు ఆగిపోయాయి, నోరు మొదలైంది. ఏ శాస్త్రంలో ఉందని అడిగాను. పెద్దలు చెప్పారన్నాడు. మీ నాన్న ఎక్కడ పోయాడని అడిగాను. మా ఇంట్లనే అన్నాడు. ఆ ఇంట్లోనే మీరున్నారా అని అడిగాను. ఉన్నానన్నాడు. ఆ ఇల్లు పాడైందా, మీకు కొడుకులు పుట్టలేదా, దుకాణం పెరగలేదా అని అడిగాను. పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గొడుగులతో మనుషులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. సొంతింటి చావు వేరు, కిరాయి ఇంటి చావు వేరన్నాడు. యమదూతలకు రిజిస్ట్రేషన్ కాగితాలు చూపించాలా అని అడిగాను. ఈసారి అందరూ నవ్వారు. ఎదురింటాయన ముఖం ఎర్రబడింది. ట్యూషన్ సారు కూడా తల ఊపుతున్నాడు. నేను గెలుస్తున్నాను. ఆ వేడి నాకు తెలుసు, ఒంట్లో ఒక్కసారి ఎక్కితే దిగనివ్వదు. ఇంకో ప్రశ్న, ఇంకో ప్రశ్న. ఆయన ఏదో అంటే దాన్ని ఎలా తిప్పికొట్టాలో ఆయన అనకముందే సిద్ధంగా ఉంది.

వెనక నుంచి ఆ అమ్మాయి వచ్చింది. తడిసిన జడ ముందుకు పడి ఉంది. ఏడుపు లేదు. చాలా మెల్లగా అడిగింది.

"సార్, మీరు గెలిచేదాకా మా బాపు ఆటోల్నే ఉండాల్నా?"

నవ్వు ఆగిపోయింది. ముసురు రేకుల మీద పడే చప్పుడు, దూరంగా సాంచాల టకటక వినబడ్డాయి. ఆ పిల్ల ముఖం చూడలేక సంచిలోకి చూశాను. తాళంచెవి దొరకలేదు. వేళ్ళకు టికెట్ల కట్ట, బీపీ మాత్రలు, సమ్మె కరపత్రాలు తగిలాయి. చెవి దొరికాక తాళంలో పట్టలేదు. మళ్ళీ తిప్పి చూశాను. డ్రైవరన్న వచ్చి నా చేతిలోంచి తీసుకుని తాళం తీశాడు.

ఆయన లోపలికి రాలేదు. శవాన్ని ముట్టుకోలేదు కూడా. గ్రిల్లు తెరిచి పట్టుకుని గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటూ నిలబడ్డాడు. భయపడుతూనే పట్టుకున్నాడు. ఆటోతో వచ్చిన ముగ్గురు సాంచాల కార్మికులు, నేను, నలుగురం ఎత్తుకొచ్చి మూడో గది ముందు పడుకోబెట్టాం. ఆ పాదాల వైపు నేను పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉన్నాయి.

అప్పుడు గానీ ఆమె ఏడవలేదు. మూడు గంటలు ట్రాలీ పట్టుకుని నిలబడ్డ మనిషి, గడప దగ్గర కూర్చోగానే ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. ఏడవడానికి కూడా మనిషికి తనదైన ఒక గడప కావాలని మా నాయనమ్మ పోయినప్పుడు నాకు తెలిసే ఉండాలి. దాన్ని ఉపన్యాసంలో పెట్టుకుని, అసలు సంగతి పారేసుకున్నాను.

మొదటి గదివాళ్ళు ఆ సాయంత్రమే అత్తగారింటికి పోయారు. ట్యూషన్ సారు నెలాఖరుకు ఖాళీ చేశాడు. నాలుగో గదివాళ్ళు చెప్పకుండానే పోయారు. మూడో గదిలో తల్లీ కూతుళ్ళు పదకొండు దినాలు ఉన్నారు. పన్నెండో రోజు ఆమె అన్న రాయికల్ నుంచి వచ్చి సామాను సర్దుతున్నాడని తెలిసి డ్రైవరన్న మోటారు సైకిల్ మీద పరుగున పోయాను. ఆమె గది మొత్తం కడిగి, గోడల కింది భాగానికి సున్నం కూడా వేసింది. నేను ఉండమన్నాను. కిరాయి సంగతి తర్వాత చూద్దామన్నాను. గట్టిగానే బతిమాలాను. నాకోసమే బతిమాలుతున్నానని ఆమెకు తెలిసినట్టుంది.

"ఉంటనంటే ఉంచుతరు సారూ, నాకెరుకే. తలుపు గూడ తీసిన్రు. గని గా దినం ఆగుమన్నరు. దవాఖాన మోటర్ల అచ్చుకుంట, సారు మంచోడు, మనకేం భయం లేదని బిడ్డకు చెప్పుకుంట అచ్చిన. గా మాట యాదికుంటది."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. నేను తిరిగి నమస్కారం పెట్టానో లేదో గుర్తు లేదు.

ఆ తర్వాత నెలల తరబడి ఆ వాడకట్టులో తిరిగాను. ఒక్కొక్కరినీ అడిగాను. మీరు నిజంగా నమ్ముతారా అని. నాకేం లేదు సార్, పక్కోళ్ళు ఊకోరు అన్నారు. పక్కవాళ్ళను అడిగితే, మాకేం లేదు, జనం ఊకోరు అన్నారు. ఎదురింటాయన కూడా ఒకరోజు చాయ్ తాగుతూ మెల్లగా అదే చెప్పాడు. ఆ సందులో ఆచారాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవాడు ఒక్కడు దొరికుంటే నాకు కొంత ఓదార్పుగా ఉండేది. అందరూ వేరే ఎవరి నమ్మకానికో కాపలా కాస్తున్నారు. ఆ కాపలావాళ్ళలో నేను మొదటివాణ్ణి. దయ్యాల మీద ముప్ఫై ఏళ్ళు యుద్ధం చేశాను. దయ్యం లేని చోట కూడా మనుషులు తలుపులు వేస్తారనీ, అందుకు కిరాయి పోతుందన్న భయం చాలనీ ఏ సభలోనూ చెప్పలేదు. నాకు తెలియదు కాబట్టి చెప్పలేదు అనుకోవచ్చు. నిజం చెప్పాలంటే, వినడానికి వచ్చినవాళ్ళలో ఇంటాయనలు కూడా ఉండేవారు. చందాలు వాళ్ళే ఇచ్చేవారు.

సమ్మె ముగిసింది, బస్సులు కదిలాయి. గదులు మాత్రం ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాయి. చూడటానికి వచ్చినవాళ్ళకు సందు మొదట్లోనే ఎవరో ఒకరు సంగతి చెప్పి తిప్పి పంపేవారు. సొసైటీ అప్పు జీతంలోంచి కోత పడుతూనే ఉంది. నా భార్య ఒక్క వ్రతం చేయిస్తే గదులు నిండుతాయని చెప్పింది. ఆమెకూ పెద్ద నమ్మకమేమీ లేదు. మంత్రాలు చదివితే జనానికి ధైర్యం వస్తుంది, మనకు కిరాయి వస్తుంది అంది. చాలా హేతుబద్ధమైన వాదన. అందుకే నాకు భయం వేసింది. వద్దన్నాను. "నువ్వు గెల్చినవ్ తియ్, బియ్యం ఎవలు తెస్తరు?" అని లోపలికి పోయింది.

కొత్త రాష్ట్రం వచ్చిన తర్వాత నేను రిటైరయ్యాను. నాకూ దండ వేశారు, శాలువా కప్పారు. అప్పటికి రెండు గదులు నిండాయి, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళతో. అప్పుడు నేనొక పని మొదలుపెట్టాను. గది చూడటానికి ఎవరొచ్చినా, కిరాయి ఎంతో చెప్పకముందే ఒక మాట చెప్పేవాణ్ణి. ఈ ఇంట్లో ఎవరైనా పుట్టవచ్చు, ఎవరైనా చనిపోవచ్చు. దానికి నన్ను అడగక్కర్లేదు, నాకోసం ఆగక్కర్లేదు. గ్రిల్లుకు తాళం తీసేయించాను. కానీ గది చూడటానికి వచ్చిన మనిషి ముందు చావు మాట ఎత్తితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చాలామంది గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగారు. ఒకాయన భార్య చెవులు మూసుకుంది. పిచ్చి కండక్టర్ అన్న పేరొచ్చింది. డ్రైవరన్న విని, "తమ్మీ, నిజం చెప్పాల్నంటే టైము చూస్కొని చెప్పాలె గద" అన్నాడు. టైము చూసుకునే కదా అప్పుడు చెడిపోయింది అన్నాను. ఆయన నవ్వలేదు.

కాబట్టి లెక్కలేసుకునే తమ్ముళ్ళారా, కిరాయి గదులు కట్టుకోవద్దని నేను చెప్పను. కట్టుకోండి. ముసలితనంలో ఇంకొకరి ముందు చెయ్యి చాపకుండా బతకాలనుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నేను ఈ రోజు తింటున్న అన్నం ఆ గదులదే. అయితే మీరు కిరాయికి ఇచ్చేది నాలుగు గోడలనే మీ ఫోను లెక్క చెబుతుంది. ఆ గోడల మధ్య మనుషులు జబ్బుపడతారు, కంటారు, పోతారు. అది జరిగే రోజు మీకు ఫోను వస్తుంది. ఆ ఫోనుకు ఏం చెప్పాలో పునాది తీసే రోజే తేల్చుకోండి. ఫోను వచ్చాక ఆలోచిస్తే, నాలాగా పప్పన్నం తిని పోతారు.

మూడో గది అన్నిటికన్నా ఆలస్యంగా నిండింది. ఒక సాంచాల కార్మికుడు తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది, ప్రతి నాలుగు మాటలకూ దగ్గుతోంది. అప్పటికే అయిదు చోట్ల వాళ్ళకు గది లేదన్నారట, ఆమెను చూసి. నేను చెప్పాల్సిన మాట చెప్పబోతుంటే కొడుకు ముఖం మాడిపోయింది, చెయ్యి అడ్డం పెట్టబోయాడు. చెప్పనియ్యిరా అని ఆమె వాణ్ణి ఆపింది. చివరిదాకా విన్నది. తర్వాత గదిలోకి పోయి, పొయ్యి పెట్టే చోటు చూసింది, కిటికీ తెరిచి మూసింది. గుమ్మం పక్కన ఖాళీ నేల మీద చూపు నిలిపి, ఈ మూల నుంచి ఆ మూలకు కళ్ళతోనే కొలిచింది.

"నన్ను గీడ పండవెట్టచ్చు, సరిపోతది" అని కొడుకు వైపు తిరిగింది. "సామాను దించుపో బిడ్డా."